నరసన్నపేట దారిలో ఇరవై రెండు నిమిషాలు

కర్నూలుకు తిరిగొచ్చి నెల దాటింది. శ్రీకాకుళం పక్క ఎలా ఉందని అడిగినవాళ్ళకల్లా ఒకే జవాబు చెబుతున్నాను: కొబ్బరిచెట్లు ఎక్కువ, ఎండ మనకంటే తక్కువ, మనుషులు మొదటి మాటకే చుట్టరికం కలిపేస్తారు. అడిగినవాళ్ళు తృప్తిపడి వెళ్ళిపోతున్నారు. అసలు జరిగింది చెప్పాలంటే ఆరు రోజులూ వరసగా చెప్పాలి. అందుకే రాస్తున్నాను.

నేను భూముల సర్వే పరికరాలు సరిచూసే పని చేస్తాను. ఒక చోటు భూమ్మీద సరిగ్గా ఎక్కడుందో సెంటీమీటర్లలో చెప్పడం ఆ పరికరాల పని. అవి తప్పు చెప్పడం లేదని తేల్చడం నా పని. ఈసారి రంజాన్ నెల మధ్యలో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు నా వంతుకు వచ్చాయి. ప్రయాణంలో ఉన్నవాడికి ఉపవాసాల నుంచి మినహాయింపు ఉంది కదా, రోజాలు తర్వాత ఉండొచ్చు కదా అని అమ్మ అంది. నేను ఒప్పుకోలేదు. పన్నెండో ఏట మొదలుపెట్టినప్పటినుంచి నావి ఒక్కటీ తప్పలేదు. ఆ మాట నలుగురిలో చెప్పుకోవడం నాకు ఇష్టం.

కొత్తవలస

రైలు దిగి, స్టేషన్‌కు దగ్గర్లో ఉన్న సర్వే రాయి దగ్గర పని ముగించేసరికి సాయంత్రం అయిదు దాటింది. బొగ్గు రంగు పట్టిన గూడ్సు బళ్ళు ఒకదాని వెనక ఒకటి వెళుతున్నాయి. ఉపవాసం విడిచే ఇఫ్తార్ వేళ దాకా కూర్చోవడానికి స్టేషన్ బయట ఒక టీ కొట్టు బెంచీ దొరికింది. కొట్టు నడిపే ఆవిడకు నలభై ఏళ్ళుంటాయి.

"టీ పొయ్యనా బాబూ?"

"వద్దమ్మా. ఉపవాసం."

"ఇయ్యాల ఏటి ఉపాసం?"

"రంజాన్."

"ఓ, సాయిబులదా. మంచినీళ్ళు కూడా తాగరట గదా. ఉమ్మి కూడా మింగరని మా మావ సెప్పినాడు, నిజివేనా?"

"అది నిజం కాదమ్మా. మీ మావయ్య ఎప్పుడైనా ఉపవాసం ఉన్నాడా ఏంటి?"

"మా మావా? రొండు గంటలు తిండి నేకపోతే ఇల్లు పీకి పందిరేసీ రకం."

పొద్దు గుంకింది. నేను ఖర్జూరాల పొట్లం ఒళ్ళో పెట్టుకుని ఫోను చూస్తూ కూర్చున్నాను. ఆవిడ ఒకసారి పడమటి వైపు చూసి, ఒకసారి నన్ను చూసింది.

"పొద్దు గుంకిపోనాది గదా బాబూ, తినవేటి?"

"ఇంకా పంతొమ్మిది నిమిషాలుంది" అని ఫోను చూపించాను.

"మరి ఫోనులో పొద్దింకా గుంకనేదేటి?" అని నవ్వింది. నేనూ నవ్వాను, కానీ పంతొమ్మిది నిమిషాలూ ఆగాను.

ఖర్జూరం తిన్నాక ఆవిడ చోడి అంబలి ఇచ్చింది. చోళ్ళంటే రాగులు. మా వైపు రాగిని ముద్దగా తింటాం. ఇక్కడ మజ్జిగ కలిపి పలచగా తాగుతారు, నంజుకోవడానికి ఉల్లిపాయ ముక్క, పచ్చిమిరపకాయ. గ్లాసు పదిహేను రూపాయలు. పొద్దుటి నుంచీ ఎండిన గొంతులోకి అంత మంచిది ఏదీ దిగి ఉండదు.

విజయనగరం

రాత్రి విజయనగరం లాడ్జిలో పడుకుని, తెల్లవారకముందే తినే సెహ్రీకి లేచి, పొట్లంలోని పెరుగన్నం తింటున్నాను. నా ఫోను ప్రకారం ఇంకా చాలా టైముంది. ముద్ద నోట్లో ఉండగానే దగ్గరి మసీదులో ఫజర్ అజాన్, తెల్లవారిందని చెప్పే పిలుపు, మొదలైంది.

తెల్లవారడమంటే సెహ్రీ అయిపోయినట్టే. బ్యాటరీ మిగులుతుందని నేను ఫోనులో లొకేషన్ ఆపేశాను. అందులోని నమాజు వేళల యాప్‌లో ఇంకా కర్నూలు టైములే నడుస్తున్నాయి. తూర్పుకు ఒక్కో డిగ్రీ జరిగితే సూర్యుడు నాలుగు నిమిషాలు ముందొస్తాడు. కర్నూలుకూ విజయనగరానికీ అయిదు డిగ్రీల పైన తేడా, అంటే ఇరవై ఒక్క నిమిషాలు. రోజూ రేఖాంశాలతోనే అన్నం తినేవాణ్ణి, నాకే తట్టలేదు. టీ కొట్టు ఆవిడకు కళ్ళతో తెలిసింది.

నోట్లోది ఉమ్మేసి, నోటుపుస్తకం తీసి, "ఈ రోజుది మళ్ళీ ఉండాలి" అని రాసుకున్నాను. తర్వాత నేను వెళ్ళబోయే ఊళ్ళన్నిటికీ లెక్క కట్టి, మిగిలిన రోజులకు సెహ్రీ, ఇఫ్తార్ వేళలతో పట్టిక తయారుచేశాను. తప్పు ఒప్పుకున్నందుకూ, దాన్ని దిద్దుకున్నందుకూ నామీద నాకే గౌరవం కలిగింది. ఇప్పుడు చూసుకుంటే, అక్కడినుంచే దారి తప్పాను.

ఆ సాయంత్రం మసీదులో పక్కన కూర్చున్నది ఒక ఆటో డ్రైవరు. మా వీధిలో ఇఫ్తార్ అంటే హలీం, సమోసా, రంగు షర్బత్. ఇక్కడ గంజి, శెనగ గుగ్గిళ్ళు, అరటిపండు ముక్కలు, ఎదురుగా ఉన్న పళ్ళ కొట్టు నాయుడు గారు పంపిన పుచ్చకాయ. నా పట్టిక చూపిస్తే డ్రైవరు కళ్ళకు దూరంగా పట్టుకుని చూశాడు.

"బాగున్నాది తమ్ముడూ. మాకు ఇంత సదువు నేదు. అజాన్ ఇనబడితే నోరు మూస్తాం, ఇనబడితే నోరు తెరుస్తాం."

శ్రీకాకుళం

మూడో రోజు శ్రీకాకుళం. నాగావళిలో నీళ్ళకంటే ఇసుక ఎక్కువ కనిపించింది. అరటిపళ్ళు డజను యాభై. కర్నూలులో బేరమాడితే అరుస్తారు. ఇక్కడి ముసలావిడ "నీకు నచ్చింది ఇచ్చీ బావా" అంది. నేను యాభై ఇచ్చేశాను.

మధ్యాహ్నం నమాజు తర్వాత ఇమాం గారు పదిహేను మందిని కూర్చోబెట్టి కాసేపు మాట్లాడారు. యాభై దాటిన మనిషి, గొంతు పెంచని మనిషి. కడుపు మాడ్చుకోవడం ఉపవాసంలో అన్నిటికంటే సులువైన భాగం అన్నారు. కంటికి ఉపవాసం ఉంది, చెవికి ఉంది, చేతికి ఉంది, మనసుకు ఉంది, అన్నిటికంటే కష్టం నోటిది అన్నారు. లోపలికి వెళ్ళేదాన్ని ఆపగలం గానీ బయటికొచ్చేదాన్ని ఆపలేం అన్నారు.

నేను నోటుపుస్తకంలో ఆరు గడులు గీసుకున్నాను: కడుపు, నోరు, కన్ను, చెవి, చెయ్యి, మనసు. మసీదు నుంచి బయటికొస్తే నా చెప్పులు లేవు. ఎవరో పొరపాటున వేసుకెళ్ళి, వాళ్ళవి వదిలారు. నా కాలికి రెండు అంగుళాలు పెద్దవి. ఎవరినీ ఏమీ అనకుండా అవే వేసుకుని లాడ్జికి నడిచాను. ఆ సాయంత్రం నోటి గడిలో టిక్కు పెట్టుకున్నాను. ఆరింటిలోనూ పెట్టుకున్నాను.

నరసన్నపేట దాటాక

నాలుగో రోజు పని నరసన్నపేటకు కొన్ని కిలోమీటర్ల అవతల ఒక పల్లెలో. రోడ్డు మీద సగం మేర మినప కట్టెలు పరిచి ఉన్నాయి. బళ్ళు వాటిని తొక్కుకుంటూ పోవాలి, అదే నూర్పిడి. సర్వే రాయి ఒక పెంకుటింటి పక్కనే ఉంది. పరికరం నిలబెట్టి ఎండలో కూర్చుంటే, ఇంట్లోంచి ఒక ముసలమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"వద్దు నానమ్మా, ఉపవాసం."

ఆమె చెంబు పట్టుకుని అలాగే నిలబడింది. "నువ్వూ ఒక్కపొద్దా బాబూ? మనోడివేటి?"

మేం రోజా అనేదాన్ని ఆమె ఒక్కపొద్దు అంటుంది. పేరు హుసేనమ్మ, డెబ్భై దాటాయి. ఆ ఊళ్ళో ముస్లిం ఇల్లు అదొక్కటే. భర్త దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆయన పోయి పదకొండేళ్ళు. పిల్లలు లేరు. ఇప్పుడు ఆమె పాత చీరలతో బొంతలు కుట్టి బతుకుతోంది. మసీదు నరసన్నపేటలో, అజాన్ ఇక్కడిదాకా వినిపించదు.

"మరి సెహ్రీకి ఎలా లేస్తావు?"

"నరసమ్మ లేపుతాది."

నరసమ్మది పక్కిల్లు. రెండిళ్ళకూ మధ్య గోడ ఒకటే. యాభై ఏళ్ళ రైతు మనిషి, అయిదో తరగతి చదివింది. హుసేనమ్మ అన్నకొడుకు హైదరాబాదు నుంచి ఏటా ఒక బట్టల కొట్టు అచ్చువేసిన రంజాన్ టైముల కార్డు పంపుతాడు. హుసేనమ్మకు చదువు రాదు కాబట్టి ఆ కార్డు నరసమ్మ ఇంట్లో, గడియారం కింద మేకుకు వేలాడుతుంది. కార్డులోని టైముకు అరగంట ముందు నరసమ్మ లేచి రోకలితో గోడ కొడుతుంది. ఇవతల హుసేనమ్మ లేచి, తిరిగి రెండు దెబ్బలు కొట్టాలి. కొట్టకపోతే నరసమ్మ ఊరుకోదు, వచ్చి తలుపు బాదుతుంది. లేచాక మళ్ళీ నిద్ర పట్టదు కాబట్టి తనే వేడినీళ్ళు పట్టుకొచ్చి, హుసేనమ్మ తినేదాకా గడప మీద కూర్చుని, కార్డు టైము కాగానే "ఇంక సాలు, మూసీ నోరు" అని చెప్పి వెళుతుంది. పదకొండేళ్ళుగా ఇదే.

ఆ సాయంత్రం ఇఫ్తార్ తమతో చేయమని ఇద్దరూ పట్టుబట్టారు. నానబెట్టిన పెసరపప్పు, కొబ్బరికోరు, బెల్లం హుసేనమ్మవి. కొత్త మినుములతో గారెలు నరసమ్మవి. అరుగు మీద ముగ్గురం కూర్చున్నాం.

"ఒక్కదానివే కదా నానమ్మా, పగలు దాహం వేస్తే ఎలా?" అని అడిగాను.

"దాహం ఎయ్యకుండా ఉంటాదేటి? కుండ నిండా నీళ్ళున్నాయి, తలుపేసుకుంటే సూసీవోడు నేడు. అక్కడికే గదా ఇది. ఎవులూ సూడనప్పుడు కుండ ముట్టుకోకపోతే, సూసీవోడు ఒకడున్నాడని నాకు ఎరికైనట్టు. ఏడాదిలో ఈ నెల్లాళ్ళే నాను ఒంటిదాన్ని కాను బాబూ."

"మరి నానెవుల్నే?" అంది నరసమ్మ.

"నువ్వు పోలీసోడివి" అంది హుసేనమ్మ.

నా పట్టిక ప్రకారం పొద్దు గుంకింది. నేను ఖర్జూరం నోట్లో వేసుకున్నాను. ఇద్దరూ నా వైపు అదోలా చూశారు.

"తొందరపడిపోనావు బాబూ, కార్డులో టైము ఇంకా అవ్వనేదు" అంది నరసమ్మ.

అది హైదరాబాదు కార్డనీ, సూర్యుడు ఇక్కడ ఇరవై రెండు నిమిషాలు ముందు గుంకుతాడనీ, ఇప్పుడే తినొచ్చనీ చెప్పాను. హుసేనమ్మ పగలబడి నవ్వింది. "ఓసే నరసమ్మా, పదకొండేళ్ళు నన్ను ఉత్తినే మాడ్సీసినావే." నరసమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. ఆ నవ్వులో నేనూ ఒక గారె తిని, బయల్దేరే ముందు సరైన టైములు రాసిచ్చి వచ్చి ఉంటే, రేపటినుంచి అంతా సరిగ్గా జరిగేది. కానీ లెక్క సగంలో వదలడం నాకు చేతకాదు.

"సాయంత్రం పర్వాలేదు నానమ్మా, ఆలస్యంగా తిన్నావంతే. తెల్లవారుజామున మాత్రం తిరగబడింది. అక్కడ కూడా ఇరవై రెండు నిమిషాలు. తెల్లారిపోయాక కూడా నువ్వు తింటూనే ఉన్నావు."

హుసేనమ్మ చేతిలో పెసరపప్పు గిన్నె ఉంది. "అయితే?" అంది.

"అయితే ఆ ఉపవాసాలు చెల్లవు. మళ్ళీ ఉండాలి."

"ఎన్ని?"

నేను అక్కడే గుణించాను. "మూడువందల ముప్పై దాకా."

నరసమ్మ గారెల పళ్ళెం నా ముందు పెట్టి, "ఇంటికాడ పనుందే" అని లేచి వెళ్ళిపోయింది. హుసేనమ్మ గిన్నె కింద పెట్టి, అవతల కార్డు వేలాడే ఆ మధ్య గోడ వైపే చూసింది. నేను గారెలు రెండు తిన్నాను. బాగున్నాయి. ఆ సంగతి రాయకుండా వదిలేద్దామనుకున్నాను గానీ తిన్నమాట నిజం.

మరుసటి రోజు

కొత్త పట్టికను పెద్ద అక్షరాలతో రాసుకుని, అయిదో రోజు ఉదయం మళ్ళీ ఆ పల్లెకు వెళ్ళాను. మంచి పని చేస్తున్నాననే ఉంది నాకు. హుసేనమ్మ అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుంది. పెదవులు తెల్లగా ఎండిపోయాయి. సెహ్రీ తిన్నావా అంటే తల అడ్డంగా ఊపింది.

"ఏ టైము సరైందో, ఏది కాదో నాకేటి తెల్సు బాబూ. తినకుండా ఉంటే తప్పు జరగదు గదా. రాత్రి తిన్నదే. పండగెళ్ళాక పాతవన్నీ మొదలెడతాను. రోజు తప్పించి రోజు ఉంటే..." అక్కడ ఆగి, "అన్నాళ్ళు ఉంటానంటావా?" అని అడిగింది. నిందగా కాదు, లెక్కలు తెలిసినవాణ్ణి అడిగినట్టు అడిగింది.

పక్కింటి వాకిట్లో నరసమ్మ చేటతో మినుములు చెరుగుతోంది. పట్టిక ఆమెకు ఇవ్వబోయాను. చేట ఆపలేదు.

"నాకెందుకు బాబూ. నా వల్ల ఒకపాలి జరిగిన తప్పు సాలదేటి?"

"మీ తప్పు కాదమ్మా, కార్డు తప్పు."

"కార్డు గోడ కొట్టనేదు గదా. నానే కొట్టినాను. తిను, ఇంకా టైమున్నాది తిను అని బలవంతంగా తినిపించినాను. సాలు సాలంటే నాను ఇన్నేదు. దేవుడికాడ దానికి నోటికాడి కూడు తీసీసినట్టే అయినాది."

ఆ తెల్లవారుజామున గోడ మోగలేదని అప్పుడు అర్థమైంది.

మళ్ళీ శ్రీకాకుళం

పట్టిక హుసేనమ్మ అరుగు మీద పెట్టి, మిగిలిన రెండు రాళ్ళ పని వదిలేసి శ్రీకాకుళం బస్సెక్కాను. దారిలో ఇమాం గారిని అడగవలసినవి మూడు ప్రశ్నలుగా రాసుకున్నాను. ఒకటి: తెలియక తెల్లవారాక తిన్న ఉపవాసాలు మళ్ళీ ఉండాలా? రెండు: ఆరోగ్యం బాగాలేని ముసలివాళ్ళ సంగతేంటి? మూడు: ముందుముందు టైము తెలుసుకోవడం ఎలా?

ఆయన మూడూ విని, ముందు తనే అడిగారు.

"ఆ తల్లి నిన్ను అడిగిందా?"

"లేదు."

"మరి ఎందుకు చెప్పావు?"

"తప్పు జరుగుతోంది కదా అని."

"రేపటినుంచి సరైన టైము ఇదీ అని చెప్పడం నీ బాధ్యత. చెప్పాలి. చెప్పి ఆగాలి. అయిపోయిన వాటికి తీర్పు చెప్పమని నిన్ను ఎవరు కూర్చోబెట్టారు, బేటా?"

నేను నోటుపుస్తకంలో మొదటి ప్రశ్న మీద వేలు పెట్టాను.

"దీని మీద పెద్దల్లోనే రెండు మాటలున్నాయి. రాత్రేననుకుని తిన్నవాళ్ళు మళ్ళీ ఉండాలని కొందరన్నారు, అక్కర్లేదని కొందరన్నారు. ఆ వయసులో, ఆ ఒంట్లో ఉన్న మనిషికి నేను అక్కర్లేదనే చెబుతాను. ఆమె ఉపవాసాలు ఆమెవే. సెహ్రీ మానకూడదు, టైముకు నరసన్నపేట మసీదుదే చూసుకోవాలి. వెళ్ళి నా మాటగా చెప్పు." తర్వాత ఇంకా మెల్లగా అన్నారు. "నమాజు నలుగురికీ కనిపిస్తుంది. దానం పుచ్చుకున్నవాడికి కనిపిస్తుంది. ఉపవాసం ఒక్కటే మనిషికీ దేవుడికీ తప్ప మూడోవాడికి కనిపించదు. నువ్వు టేపు పట్టుకుని ఆ మధ్యలోకి వెళ్ళావు."

విజయనగరంలో ముద్ద నోట్లో ఉండగా అజాన్ విన్నప్పుడు నేను రాసుకున్నది ఒక్క రోజు. నేను కర్నూలు టైముతో తిన్నాను, ఆమె హైదరాబాదు టైముతో తింది. ఇద్దరం చేసిన పొరపాటు ఒకటే. నా పొరపాటు నాకు గౌరవం తెచ్చింది. ఆ సంగతి నాకు ఆ మసీదు మెట్ల దగ్గర, ఎవరివో పెద్ద చెప్పులు తొడుక్కుంటున్నప్పుడు గానీ తట్టలేదు.

ఆఖరి రోజు

ఆరో రోజు మధ్యాహ్నం మూడోసారి ఆ పల్లెకు వెళ్ళాను. హుసేనమ్మ బొంత ముందు కూర్చుని ఉంది గానీ సూది కదలడం లేదు. ఇమాం గారు చెప్పింది ఒక్క ముక్క తప్పకుండా చెప్పాను. ఆమె రెండు చేతులూ ఎత్తి ముఖానికి రాసుకుంది. కళ్ళు తుడుచుకోలేదు.

"ఉన్నాయన్నారా? ఆయన నోటితో అన్నారా?"

"అన్నారు నానమ్మా. నీ ఉపవాసాలు నీవేనన్నారు. మళ్ళీ ఉండక్కర్లేదన్నారు. సెహ్రీ మానకూడదన్నారు."

"సెహ్రీకి నరసమ్మ మనవరాలు సెల్లులో గంట పెట్టిచ్చింది, నీ కాయితం సూసి. మోగినాది. లేసినాను, ఒక ముద్ద తిన్నాను."

"నరసమ్మ గారు?"

"రాదు. పిలిస్తే పలుకుతాది, కూరడిగితే ఇస్తాది. గోడ మాత్తరం ముట్టుకోదు." సూది బొంతలో గుచ్చి పెట్టి నా వైపు తిరిగింది. "బాబూ, నావి ఉన్నాయన్నావు, సంతోషం. మరి దానివో? ఎవులకోసం లేచిందది? దాని దేవుడు సెప్పినాడేటి, నా దేవుడు సెప్పినాడేటి? పగలంతా పొలం పని సేసుకుని, నెల్లాళ్ళు నిద్ర మానీసేది. పదకొండేళ్ళు. అది కూడా ఉన్నట్టేనా, నేనట్టా? ఆ మాట అడగనేదా నువ్వు?"

నేను నోటుపుస్తకం తెరిచాను. మూడు ప్రశ్నలు, మూడింటికీ ఎదురుగా జవాబులు. ఆ ప్రశ్న లేదు.

"అడగలేదు నానమ్మా."

"అడగాల్సింది."

"ఉన్నట్టే నానమ్మా. అడగకపోయినా అది నాకు తెలుసు."

"నాతో సెప్తే ఏటి? దానితో సెప్పు."

పక్కింటికి వెళ్ళాను. తలుపుకు గొళ్ళెం పెట్టి ఉంది. మినుములు ఏరడానికి పొలానికి వెళ్ళిందనీ, పొద్దు గుంకితే గానీ రాదనీ ఎవరో చెప్పారు. పొలం ఎక్కడని అడిగాను. చెరకు తోట అవతల, కాలవ గట్టున నడిస్తే అరగంట అన్నారు. టైము చూశాను, నాలుగు కావస్తోంది. విశాఖలో రాత్రి రైలు అందుకోవాలంటే నాలుగున్నర బస్సెక్కాలి అనుకున్నాను. నరసమ్మకు చెప్పమని హుసేనమ్మకే అప్పగించి, రోడ్డు మీదికి వచ్చి, నాలుగున్నర బస్సెక్కాను.

ఆ తర్వాత అయిదూ పదికి ఇంకో బస్సుంది. దానికి వెళ్ళినా రైలు అందేది. నా నోటుపుస్తకంలో రెండు టైములూ పక్కపక్కనే రాసి ఉన్నాయి.